రెండుసార్లు తీసేసిన జీతాలు

తండ్రి పోయిన రోజున ఆయన బల్ల మీద పట్టిక సగంలో ఆగిపోయింది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల పరిశోధనకు ఏ దేశపు విశ్వవిద్యాలయాలు ఎంత ఖర్చు పెడుతున్నాయో పోల్చే పట్టిక అది. దాన్ని ముగించే భారం ఆయన ఆఫీసులోనే పనిచేసే కూతురి మీదా, ఆయన శిష్యుడి మీదా పడింది. ఆ పట్టిక అచ్చయ్యే పుస్తకం మీద ఉండేది ఆయన పేరు. తప్పు దొర్లితే మచ్చ ఆ పేరుకే.

శిష్యుణ్ణి అందరూ 'ఫుట్‌నోట్' అనేవారు. పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవందే తల ఎత్తడని. ఆమె ఎదురుపడితే అసలే ఎత్తడు.

పనిలో ఒక చిక్కుంది. మన దేశంలాంటి కొన్ని దేశాలు ప్రొఫెసర్ల జీతం మొత్తాన్నీ పరిశోధన ఖర్చులోనే చూపిస్తాయి. పాఠాలు చెప్పినందుకిచ్చే భాగాన్ని అందులోంచి తీసేస్తేనే పోలిక కుదురుతుంది. తీయడం ఆమె పని. సరిచూడటం తండ్రి పని. ఇప్పుడు సరిచూసేవారు లేరు.

వాన ముసురుపట్టిన మధ్యాహ్నం ప్రూఫులు వచ్చాయి. చూడగానే ఆమె ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది.

"ఫుట్‌నోట్ గారూ, మన దేశం అట్టడుగుకి ఎలా జారిందండీ?"

"అంత జారకూడదే! పాఠాల జీతం ఒక్కటే కదా తీశాం."

"శుక్రవారం నేనే తీశాను."

"గురువారం నేనూ తీశానండీ."

"నా పని మీకెందుకు?"

"మీరు ఆ అంకెల ముందు కూర్చుని ఏడుస్తుంటే చూశాను. ఆ ఒక్క పనైనా తగ్గిద్దామని..."

"చెప్పొచ్చుగా!"

"చెబితే ఒప్పుకునేవారా?"

"చచ్చినా ఒప్పుకోను." ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "నాన్న కూడా ఇంతే. చెప్పకుండా సాయం చేసి అంతా చెడగొట్టేవాడు. అమ్మ వారం పాటు మాట్లాడేది కాదు."

"మీరెన్నాళ్లు మాట్లాడరు?"

"ముందు అంకెలు చదవండి. నేను దిద్దుతాను."

సాయంత్రానికి దేశం తన చోటికి వచ్చింది. గర్వపడేంత పైకేం కాదు.

కలం మూత పెడుతూ అడిగింది: "ఆ సాయం పట్టిక కోసమేనా?"

"కాదండీ." ఈసారి తల ఎత్తే అన్నాడు.

"తెలుసు. కానీ నాన్న కుర్చీలో కూర్చుని ఇప్పుడే జవాబు చెప్పలేను."

"ఆగుతానండీ."

పట్టిక అచ్చుకు వెళ్లింది. తండ్రి రాస్తానన్న ముందుమాట ఇంకా రాయాల్సి ఉంది. ఆమె జవాబూ చెప్పాల్సి ఉంది.