కొర్రవాగు ఎండుటాకు సీతాకోక

డాక్టర్ కెజియా అరచేతిలోని యంత్రం రెండుసార్లు రెక్కలాడించి గాల్లోకి లేచింది. దాని బరువు అర గ్రాము కూడా ఉండదు. పొద్దున్న ఎనిమిదిన్నరైంది. కొర్రవాగు లోయలో చెట్ల సందుల్లోంచి ఎండ అప్పుడప్పుడే నేల మీద పడుతోంది. ఆ ఎండలోకి వెళ్ళగానే యంత్రం రెక్కలు నీలంగా మెరిశాయి.

"వస్తాడు, చూడండి," అన్నాడు పక్కన నిలబడ్డ పల్లాల బొజ్జిరెడ్డి. అక్కడి అటవీ పార్కులో ఇరవై రెండేళ్లుగా వాచరు. ఆ లోయలోనే పుట్టాడు.

ఎదురుగా మోడు కొమ్మ మీద ఉన్న ఎండుటాకు ఒకటి ఎగిరింది. రెక్కలు మూసుకున్నంతసేపూ అది అచ్చం ఆకే. నడిమి ఈనె, బూజు మచ్చలు, చివర తొడిమ కూడా ఉన్నాయి. విప్పేసరికి లోపలంతా ముదురు నీలం, అడ్డంగా నారింజ రంగు పట్టీ. ఆ మగ సీతాకోక యంత్రం వెంటపడింది. రెండూ కలిసి రోడ్డు మీదుగా ఎగిరి అవతలి చెట్లలోకి వెళ్ళిపోయాయి.

"దాటాడు," అంది కెజియా.

ఆ రోడ్డు నాలుగేళ్ల కిందట, రెండు వేల యాభై మూడులో వేశారు. ఆరు వరసల రహదారి. దాంతో అడవి రెండు ముక్కలైంది. ఎండుటాకు సీతాకోక నీడపట్టు వదలదు. పువ్వుల కోసం బయళ్లలోకి రాదు. చెట్టు బెరడు నుంచి కారే రసం, కింద రాలి కుళ్లిన పండ్లు, అదే దాని తిండి. కాలిపోయే తారు మీదుగా ఎగరడానికి జంకుతుంది. గొంగళిపురుగులు తినే ఊదాపూల పొదలు మాత్రం రోడ్డుకి అవతల, వాగు ఒడ్డునే మిగిలాయి. ఆడ సీతాకోకలు ఆ పొదల వాసన పట్టుకుని ఎలాగో చేరుకునేవి. మగవి ఇవతలే ఉండిపోయేవి. ఆడదాని రెక్కల నీలం మెరుపు కనబడితే మగది వెంటపడుతుంది కాబట్టి, ఆ మెరుపునే దారి చూపించేదిగా తయారుచేసింది కెజియా. అలాంటివి నలభై యంత్రాలు.

ఆమె విశాఖపట్నంలోని తన ల్యాబుకి వెళ్ళిపోయింది. రోజూ సాయంత్రం వాటిని షెడ్డులో చార్జింగ్ పెట్టే పని బొజ్జిరెడ్డికి అప్పగించారు. రెండేళ్లు బాగానే జరిగింది. పార్కు కెమెరాల్లో నీలం మెరుపుల లెక్క పెరిగింది. చూడ్డానికి బస్సుల్లో జనం రావడం మొదలైంది.

మూడో ఏడు జూన్‌లో కెజియాకి బొజ్జిరెడ్డి ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, గుడ్లు నల్లబడట్లేదు."

"అంటే?"

"లేతాకుపచ్చగా పెడతాయి కదండీ. మూడో రోజుకి లోపల పురుగు తల నల్లగా చుక్కలాగా కనబడాలి. ఐదో రోజుకి గుడ్డు పగలాలి. ఇవి ముడుచుకుపోతున్నాయి. నూటికి ఆరేడు కూడా పగలట్లేదు."

ఆమె మర్నాడే వచ్చి, మూడు పొద్దులు పొదల్లో కదలకుండా కూర్చుంది. మగది కొమ్మ మీద ఉంది. అడుగు దూరంలో ఆడది వాలి రెక్కలు విప్పింది. మగది అటు చూడలేదు. యంత్రం వచ్చింది. మగది దాని చుట్టూ తిరిగింది. అలసిపోయి రాలినట్టు ఆకుల మీద కూలబడి, కాసేపటికి మళ్ళీ లేచి దాని వెనకే పోయింది.

"దూరానికి కనబడాలని ఆడదానికంటే ఎక్కువ నీలం పెట్టాను," అంది కెజియా. "వాడు బతికేదే మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఆడదానితో జత కట్టకుండా నా బొమ్మ వెనకే పోతున్నాడు."

పార్కు మేనేజరు ప్రభంజన్ దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు.

"ఆపమంటారేంటి మేడమ్? లెక్క పెరిగింది, చూడండి," అని స్క్రీన్ తిప్పాడు.

"ఆ లెక్కలో సగం నా యంత్రాలే."

"చూడ్డానికొచ్చేవాళ్ళకి తేడా తెలీదు కదా. పైనుంచి ఆర్డరు వస్తే ఆపేస్తాను."

ఆమె పై అధికారులకి రాసింది. సీజన్ అయ్యాక కమిటీ వేస్తామని జవాబొచ్చింది. సీజన్ అయ్యేసరికి కమిటీ చూడ్డానికి సీతాకోకలు ఉండవని బొజ్జిరెడ్డికి తెలుసు.

మొదటి పెద్ద వాన పడిన రోజు షెడ్డుకి కరెంటు పోయింది. వానకి వైరు కాలిందని రిజిస్టరులో రాశాడు బొజ్జిరెడ్డి. ఎలక్ట్రీషియన్ రంపచోడవరం నుంచి రావాలి. దారిలో కొండచరియలు పడ్డాయి. నలభై యంత్రాలూ అరల్లో పడి ఉన్నాయి. రెండు రోజులు మగవి కొమ్మల మీద ఖాళీగా కూర్చున్నాయి. మూడో రోజు ఒకటి ఆడదాని వెంట ఎగరడం చూసి, బొజ్జిరెడ్డి వాగు ఒడ్డున బండ మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

తొమ్మిదో రోజు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వైరు కాలలేదు, ఎవరో కత్తితో కోశారని చెప్పి అతికాడు. యంత్రాలు మళ్ళీ ఎగిరాయి. ప్రభంజన్ ఆ సాయంత్రమే బొజ్జిరెడ్డిని పనిలోంచి తీసేశాడు. మళ్ళీ దొరికితే కేసు పెడతానన్నాడు.

"మీరేనా?" అని అడిగింది, అప్పటిదాకా లోయలోనే ఉన్న కెజియా.

"నేనే. కత్తీ నాదే."

"నేను చేయాల్సిన పని మీరు చేశారు బొజ్జిరెడ్డి గారూ."

ఆయన కోపంగా చూశాడు. "మరి మీరెందుకు చెయ్యలేదమ్మా?"



కరెంటు లేని ఆ రోజుల్లో పెట్టిన గుడ్లు నల్లబడ్డాయి. ఎర్రముళ్ల నల్లటి పురుగులు పొదల్ని జల్లెడ చేశాయి. ఆకుల కింద తలకిందులుగా వేలాడే గోధుమరంగు గూళ్లు కట్టాయి. సెప్టెంబరులో వాటిలోంచి నాలుగొందల దాకా ఎగిరాయి.

విజయవాడలో అటవీ శాఖవాళ్ళు మీటింగు పెట్టారు. యంత్రాల విజయం అన్నారు. కెజియా లేచి తేదీలవారీగా గుడ్ల లెక్క చూపించింది. యంత్రాలు ఆగిన ఎనిమిది రోజుల్లో పెట్టిన గుడ్లే బతికాయంది.

"ఎందుకు ఆగాయి?" అని అడిగాడు ఒక అధికారి.

పేరు చెబితే బొజ్జిరెడ్డి మీద కేసు. "కరెంటు పోయింది," అంది.

అధికారి తల ఊపాడు. "ఎనిమిది రోజులు ఆగినా ఇంత ఫలితం వచ్చిందంటే, ఆగకపోతే ఎంత వచ్చేదో! అలాంటి అంతరాయం మళ్ళీ రాకూడదు." ఆ మాటే మీటింగు రికార్డులోకి ఎక్కింది. ఆమె మళ్ళీ మళ్ళీ లేచింది. టైము అయిపోయిందన్నారు.

మరుసటి మే నెలలో పార్కు గేటు దగ్గర వ్యాను ఆగింది. కెజియా కబురు పంపితే బొజ్జిరెడ్డి వెదుళ్లు కొట్టే పని వదిలి వచ్చాడు. ఆమె చేతిలో పెట్టె తెరిచి ఉంది. రెండు వేల యంత్రాలు వచ్చాయట. తయారుచేసింది ఆమె కాదు, ఆమె డిజైన్ తీసుకున్న ఇంకెవరో.

బొజ్జిరెడ్డి ఒకదాన్ని తీసి తిప్పి చూశాడు. "చార్జింగ్ ఎక్కడ పెట్టాలమ్మా దీనికి?"

"అక్కర్లేదు. రెక్కలే ఎండ తాగుతాయి."

"మరి ఆపే మీట ఎక్కడ?"

"అది పెట్టలేదు."

ఆయన దాన్ని పిడికిట్లో మూశాడు. లోపల అది కొట్టుకుంటూనే ఉంది. వ్యాను దగ్గర మిగతా పెట్టెల మూతలు తీస్తున్నారు. లోయంతా ఎండ పరుచుకుంది.