జెరికోలో తాగని కాఫీ

ఉదయం తొమ్మిది గంటలకు జెరికో ఊరి బయట అరటితోటలో, ఆ రోజు ఊరి పెద్ద ఇంట్లో కాఫీ కాయాల్సిన ఇద్రీస్‌ను గొంతు నులిమి చంపారు. అరవై ఏళ్ల మనిషి. ఎవరి జోలికీ పోనివాడు. అతని పాసు మీద ఫోటో మార్చి, అతని ఇత్తడి కూజా పట్టుకుని ఇంకొకడు ఊళ్లోకి నడిచాడు.

ఆ సంగతి తెలియని జుహైర్, ఊరికి అటు చివర పెద్ద హోటల్ గేటు ముందు నువ్వుల రొట్టెలు అమ్ముతున్నాడు. పెట్టుడు మీసం. రొట్టెల కింద వైర్‌లెస్ సెట్, దాని పక్కన పిస్తోలు. పాలస్తీనా ఇంటెలిజెన్స్‌లో పాతికేళ్ల సర్వీసు.

తెల్లవారగానే కల్నల్ సబ్రీ బ్రీఫింగ్ ఇచ్చాడు. మిషన్ పేరు ఖర్జూరం. పదకొండున్నరకు ఊరి పెద్ద అబూ హాతిం ఇంటికి ఇజ్రాయెల్ రిటైర్డ్ జనరల్ షకేద్ రహస్యంగా వస్తాడు. తుపాకులు పట్టిన కుర్రాళ్లందరూ అబూ హాతిం మాటంటే ఆగుతారు. జనరల్ ఏడాది కాల్పుల విరమణ అడుగుతాడు. బదులుగా, ఇజ్రాయెల్ నంబర్లు వేసి పాతిపెట్టుకున్న నలభై శవాలు ఇళ్లకు తిరిగొస్తాయి. ఇది ఇష్టంలేని వాళ్లు రెండు వైపులా ఉన్నారు. అందరికన్నా ఇష్టంలేనిది సముద్రం అవతల లిమసోల్ ఊళ్లో కూర్చుని ఇద్దరికీ తుపాకులమ్మే ముఠాకి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే జాతి అది.

ఆ నలభైలో పద్నాలుగో నంబరు జుహైర్ తమ్ముడు రుష్దీ. ఇరవై ఏళ్ల క్రితం శిబిరం మీద దాడిలో చచ్చిపోయాడు. ఆ దాడి నడిపింది ఈ షకేదే. తల్లి ఇప్పటికీ ప్రతి పండగ ఉదయం సమాధుల దగ్గరికి వెళ్లి, ఏ రాయి ముందు కూర్చోవాలో తెలియక నిలబడి వస్తుంది. కల్నల్‌కి అదంతా తెలుసు. తెలిసే ఈ డ్యూటీ వేశాడు. చెయ్యలేనంటే ఇప్పుడే చెప్పమన్నాడు. జుహైర్ మీసం అంటించుకుని, హోటల్లో దిగిన విదేశీయుల మీద కన్నేయడానికి రొట్టెల బండి తోసుకుంటూ బయల్దేరాడు.

పన్నెండు కావస్తుండగా సబీన్ సూట్‌కేసుతో బయటికొచ్చింది. బెల్జియం పాస్‌పోర్టు, టీవీ రిపోర్టరు, తెల్ల లినెన్ సూటు, దారిన పోయేవాడిని తల తిప్పించే నడక. మూడేళ్లుగా జుహైర్‌కి లిమసోల్ కబుర్లు అందించిందీ ఆమే. ఇవాళ మీటింగ్ అయ్యేదాకా ఊళ్లోనే ఉంటానన్న మనిషి ఎయిర్‌పోర్టు టాక్సీ ఎక్కుతోంది.

జుహైర్ రొట్టెల బండిని టాక్సీకి అడ్డంగా తోసి, వెనక తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ లాక్కుని మూత తిప్పాడు. లోపల రంగు లేదు, సూది ఉంది.

"ఇవాళే బయల్దేరావేంటమ్మా?"

సబీన్ గడియారం చూసుకుని నవ్వింది. ఇక దాచాల్సిన పని లేదన్నట్టు తీరిగ్గా చెప్పింది. "నీ ఇద్రీస్ అరటితోటలో పడుకున్నాడు. వాడి పేరు నాకు చెప్పింది నువ్వే, గుర్తుందా? అరగంట క్రితం జనరల్‌కి కాఫీ పోసి ఉంటారు. ఈపాటికి తాగేశాడు. మీ ఇంట్లో, మీ అతిథి, మీ కాఫీతో చచ్చాడు. ఇక కొట్టుకు చావండి."

తన నోటి దూలకి ఓ ముసలాడు బలైపోయాడు. అయినా జుహైర్‌కి నవ్వొచ్చింది.

"మూడేళ్లు మా ఇళ్లల్లో కాఫీ తాగావు. ఒక్క ముక్క నేర్చుకోలేదు నువ్వు. అడగడానికొచ్చినవాడు కప్పు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటాయన సరే అన్నాకే తాగుతాడు."

సబీన్ ముఖంలో రంగు దిగిపోయింది. జుహైర్ ఆమె చేతికి బేడీ వేసి రెండో కొస డోర్ హ్యాండిల్‌కి తగిలించాడు. డ్రైవర్ని దింపి, స్టీరింగ్ తానే పట్టాడు.

ఫోన్ గానీ వైర్‌లెస్ గానీ పనిచెయ్యకుండా ఆ ఇంటి చుట్టూ జామర్లు. పైగా విషం అన్న మాట గుమ్మంలో వినబడితే చాలు, మేడ మీది ఇజ్రాయెల్ గార్డులు కాలుస్తారు, కింద కుర్రాళ్లు తిరిగి కాలుస్తారు. సబీన్ కోరుకున్నదే జరుగుతుంది.

సగం దారిలో అతని కాలు యాక్సిలరేటర్ మీంచి తనంతట తాను లేచింది. మెల్లగా పోతే చాలు. చెయ్యి కూడా ఎత్తక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా దేవుణ్ణి అడిగింది ఆ కప్పులో ఉంది. తాగనీ. చావనీ.

పద్నాలుగో నంబరు మట్టిలోనే ఉండిపోతుంది.

బూతు తిట్టి, కాలు మళ్లీ తొక్కాడు.

గేటు దగ్గర మీసం పీకి పారేసి, సొంత ముఖంతో హాల్లోకి నడిచాడు. షకేద్ తెల్లబడ్డ గడ్డంతో చాప మీద కూర్చున్నాడు. ముందు కప్పు, అంచుదాకా, ముట్టకుండా. అబూ హాతిం అప్పుడే చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత రావలసిన మాట ఒక్కటే: సరే.

"మాట ఆపండి, అబూ హాతిం. ఈయన నాకు రక్తం బాకీ ఉన్నాడు. అది తేలేదాకా ఆ కప్పు లేవకూడదు" అన్నాడు జుహైర్.

మూల నిలబడ్డ ఇజ్రాయెల్ ఏజెంట్ ఎవ్యతార్ చెయ్యి కోటులోకి పోయింది. అబూ హాతిం కళ్లెర్రజేశాడు. "నా ఇంట్లోనా? ఇవాళా?" కానీ చచ్చినవాడి అన్న లేచి నిలబడితే నోరు మూయించే హక్కు ఏ పెద్దకీ లేదు. "చెప్పు నాయనా" అన్నాడు.

జుహైర్ షకేద్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. శిబిరం పేరు, ఏడాది, నెల చెప్పాడు. "మా తమ్ముణ్ణి ఎక్కడ పెట్టావు?"

షకేద్ అరబ్బీ బాగానే మాట్లాడతాడు. జేబులోంచి లిస్టు తీశాడు. "పద్నాలుగు."

"నంబరు కాదు. పేరు."

కాగితం మీద పేర్లు లేవు. ఆ ముసలి జనరల్ కాగితం తిప్పి చూసి తలెత్తాడు. "నాకు తెలియదు. ఆ రోజు ఆర్డర్ నాది. పేరు నువ్వు చెప్పు."

"రుష్దీ."

"రుష్దీ" అన్నాడు షకేద్. పెన్ను తీసి పద్నాలుగు పక్కన రాసుకున్నాడు.

జుహైర్‌కి చల్లారలేదు. ఒక్క పేరుకి చల్లారే మంట కాదది. కానీ కప్పు మీద ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది. చల్లారిన కాఫీ అతిథికిస్తే ఇంటికి అవమానమంటూ కప్పు తానే తీసుకుని వంటింట్లోకి పోయాడు. దొంగ ఇద్రీస్ కిటికీ ఎక్కుతున్నాడు. వెనకే అనుమానంగా వచ్చిన ఎవ్యతార్‌కి జుహైర్ కప్పు చూపించి, వాడిని చూపించాడు. ఇద్దరూ కలిసి నోరు నొక్కి పిండిబస్తాల మీద పడేశారు. హాల్లోకి చప్పుడు పోలేదు.

తర్వాత జుహైర్ యాలకులు దంచి కొత్త కాఫీ కాచాడు. ముందు తాను ఒక గుక్క తాగాడు. తమ్ముణ్ణి చంపినవాడికి తన చేత్తో పోశాడు. చుక్క ఒలకలేదు.

"నీ కాఫీ తాగు. అడిగింది ఇచ్చాను" అన్నాడు అబూ హాతిం.

బయట టాక్సీలోంచి సబీన్‌ని దింపుకుంటూ ఎవ్యతార్ అన్నాడు. "బాగా నటించావయ్యా. మా గార్డులు నిజమే అనుకున్నారు."

"విషం సంగతి దాచడమొక్కటే నటన" అన్నాడు జుహైర్. "నువ్వు అవతలికి పో ముందు."

వారం తర్వాత నలభై పెట్టెలు వచ్చాయి. జుహైర్ తల్లికి కూర్చోడానికి ఒక రాయి దొరికింది. ఆ సాయంత్రమే రెండు ప్రభుత్వాలూ రేడియోలో ప్రకటన చదివాయి: జెరికోలో ఎలాంటి సమావేశమూ జరగలేదు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడింది అదొక్కటే.