ఊపిరాడని బీటిల్

ఆదివారం ఉదయం. ధర్మరాజు పళ్ళెంలో ఆవిరిమీద ఉడికిన శనగపిండి లోచో, తలలో ఆలోచన. రోజూ టిఫిన్ వేడిగా ఉండాలంటాడు. ఇవాళ ఆయనే వేడిగా ఉన్నాడు. సూరత్ దగ్గరి హజీరా ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, ఊళ్ళో ఆల్థాన్‌లోని తన ఇంటిముందున్న పాత బీటిల్ కారుకు మాత్రం ఫిట్ కాలేకపోయాడు.

అది పది నిమిషాలు బాగానే నడుస్తుంది. తర్వాత నీరసించి ఆగిపోతుంది. చల్లారితే మళ్ళీ స్టార్టవుతుంది. ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు సరిచేశాడు, కార్బురేటర్ కడిగాడు. చివరికి బీటిల్ బీటలు వారిందని తేల్చేశాడు. పది గంటలకు పాత కార్ల వ్యాపారి ఓంప్రకాష్ వచ్చి తీసుకుపోతాడు.

"అంతా నీవల్లనే," అన్నాడు కూతురు ఇందుజతో. "దసరా తెల్లారి హజీరా దాకా తోలినవ్. నూరు మీద కొట్టి ఇంజిన్ కాల్చినవ్."

"అరవై దాటలేదు బాపూ! ఎన్నిసార్లు చెప్పాలె?"

"గట్లైతే ఎట్ల చెడిపాయె? దానంతటదే అలిగిందా?"

"అలిగింది నువ్వు. మూడు వారాలైంది, నాతోని మంచిగ మాట్లాడక."

"ముందు ఇద్దరూ తినుర్రి," అంది భార్య విశాలాక్షి వంటింట్లోంచి.

ఇందుజ తినలేదు. చిన్నప్పుడు ఈ కారు కిందికి దూరి పానాల పేర్లు నేర్చుకుంది. కారు పోతున్న బాధకన్నా, దాన్ని తనే చంపిందన్న మాట ఎక్కువ గుచ్చుతోంది.

"జరసేపు నన్ను చూడనియ్యి. కారు పోతే పోనీ, కారణం నేను కాదని తెలియాలె."

వెనక మూత ఎత్తి స్టార్ట్ చేసింది. ఈ కారుకు రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు. ఫ్యాను తోసే గాలే ఇంజనును చల్లబరచాలి. ఫ్యాను డబ్బాకున్న గాలిగొట్టం ఊడదీసి, అక్కడ అరచెయ్యి పెట్టింది.

"బాపూ, బెల్టు తిరుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. మరి గాలేది?"

ధర్మరాజు పళ్ళెంతోనే బయటికొచ్చి తనూ అరచెయ్యి పెట్టాడు. ఇన్నాళ్ళూ నిప్పు చూశాడు, పెట్రోలు చూశాడు, గాలి చూడలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు గాలికి పోయింది!

ఇందుజ ఇంజను ఆపి, డబ్బా వెనక్కి చెయ్యి దూర్చింది. ఏదో మెత్తగా తగిలింది. లాగింది. ఫ్యాను గాలి పీల్చే రంధ్రానికి అతుక్కుపోయిన, మసి పట్టిన జాకెట్టు గుడ్డ. అంచున పూసిన పసుపు ఇంకా పోలేదు.

విశాలాక్షి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "అది... నేనే పెట్టిన."

విశాలాక్షి దగ్గరకొచ్చి ఆ గుడ్డ అందుకుంది.

"అందరు కారు ముంగట కడతరు. మనదానికి ఇంజిన్ ఎనకనే ఉండె. అందుకని దసరా నాడు ఆయుధపూజల ఇంజిన్ మీదనే కప్పిన. తెల్లారి పిల్ల లారీల నడుమ పోతది, సల్లగ ఉండాలని..."

ధర్మరాజు ముఖం పాలిపోయింది. "హారతి పట్టింది నేను. మూత మూసింది నేను. గుడ్డ ఏమాయెనని ఒక్కనాడు అడగలే. బిడ్డను మాత్రం నిలదీసిన."

గేటు దగ్గర హారన్. "చలో సాబ్, చాబీ దేదో!" తాళంచెవి అడిగాడు ఓంప్రకాష్.

"నహీ భాయ్. గాడీ నహీ బేచ్‌నీ." కారు అమ్మనని చెప్పేసి, ధర్మరాజు వెనక్కి తిరిగి కూతురి పక్కన నేలమీద కూలబడ్డాడు. "లోపల ఇంజిన్ ఎంత కాలిందో తెల్వది బిడ్డా. నిన్నెంత కాల్చిన్నో తెలుస్తున్నది. తప్పు నాదే."

ఇందుజ కళ్ళు నిండాయి. ఆయన పానా తీసి ఆమె చేతికిచ్చాడు.

"డబ్బా నువ్వే విప్పు. నేను టార్చి పట్టుకుంట."

"సరిగ్గ పట్టు బాపూ. లైటు వణుకుతుంది."

"ఏడ వణుకుతున్నది?" అన్నాడు ధర్మరాజు, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ.