వేసుకుంటానంటే ఎప్పుడు?

టీచర్ బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. ఐ ఈట్. ఐ విల్ ఈట్.

"వీటిని తెలుగులో చెప్పండి," అన్నారు.

వసపిట్ట చెయ్యెత్తింది. నిద్రలో తప్ప నోరు మూతపడదు కాబట్టి ఇంటా బయటా ఆ పిల్ల పేరు వసపిట్టే. "మొదటిది తింటాను. రెండోది..." అని ఆగింది. "అదీ తింటానే, టీచర్."

క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు.

"సరిగ్గానే చెప్పింది. రోజూ తినేదానికీ తింటానంటాం, రేపు తినబోయేదానికీ తింటానంటాం. ఇంగ్లీషులో అలా కుదరదు. ఇంకా జరగని పనికి విల్ పెట్టాలి. అందుకే ఎప్పటి సంగతో కనుక్కుని మరీ చెప్పాలి."

అందరూ రాసుకుంటున్నారు. వసపిట్ట పెన్ను మాత్రం కదల్లేదు. ఆస్పత్రిలో తను చెప్పిన మాట గుర్తొచ్చింది.

పోయిన వారం అమ్మమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మది వేరే రాష్ట్రం, తెలుగు రాదు. అమ్మకూ అమ్మమ్మకూ ఇంగ్లీషు రాదు. ఇంకేం, ఆ పూట పెద్దరికమంతా వసపిట్టదే. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరమ్మ నొసలు చిట్లించింది. ముందిచ్చిన మాత్ర సంగతి అడిగింది.

"మాత్ర వేసుకుంటావా అంటోంది, అమ్మమ్మా."

"వేసుకుంటాలేవే," అంది అమ్మమ్మ తల వంచుకుని.

"షి టేక్స్ ఇట్ ఎవ్రీ డే," అని వసపిట్ట గడగడా చెప్పేసింది. ఎవ్రీ డే అని అమ్మమ్మ అననే లేదు. వినడానికి బాగుంటుందని తనే తగిలించింది.

ఆ మాత్ర చాలడం లేదనుకుని డాక్టరమ్మ ఇంకోటి రాసింది. మూడో రోజు పొద్దున బీపీ మరీ తగ్గిపోయి అమ్మమ్మ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. తుంటి ఎముక విరిగి అప్పట్నుంచీ ఆస్పత్రిలోనే ఉంది.

ఆ పాఠం విన్న సాయంత్రం బడి వదలగానే వసపిట్ట ఆస్పత్రికి పరిగెత్తింది. అమ్మ లాండ్రీ పని ముగించుకుని అప్పుడే వచ్చి మంచం పక్కన నిలబడింది. అమ్మమ్మ మొహం పాలిపోయి ఉంది.

"అమ్మమ్మా, ఆ రోజు వేసుకుంటానన్నావే. అప్పటికి వేసుకుంటున్నావా?"

అమ్మమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "లేదే. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేశాను. ఇకనుంచి వేసుకుంటానన్నాను. తర్వాత భయమేసి రెండూ ఒకేసారి మొదలుపెట్టాను."

వసపిట్టకు ఏడుపు తన్నుకొచ్చింది. చెప్పకపోతే ఈ తప్పు ఎవరికీ తెలియదు. కానీ డాక్టరమ్మ మళ్ళీ ఆ రెండు మాత్రలే ఇస్తుంది. అమ్మమ్మ మళ్ళీ పడిపోతుంది. ఈసారి లేవకపోతే?

డాక్టరమ్మ వచ్చింది. చార్టు తిరగేస్తుంటే వసపిట్ట ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఐ టోల్డ్ యూ రాంగ్," అంది. అమ్మమ్మ అన్నదేమిటో, తను కలిపిందేమిటో విడివిడిగా చెప్పింది. మధ్యలో ఆపలేదు. తర్వాత అదంతా అమ్మకు తెలుగులో చెప్పింది. చెంప మీద ఒకటి పడుతుందనుకుంది. అమ్మ కొట్టలేదు. మంచం అంచున కూలబడింది. అంతకంటే కొట్టినా బాగుండేది.

డాక్టరమ్మ చార్టులో రెండో మాత్ర కొట్టేసింది. పగలు ఇంట్లో ఈవిడ దగ్గర ఎవరుంటారని అడిగింది. వసపిట్ట ఆ మాట అమ్మకు చెప్పింది.

"మేముంటాం అని చెప్పు," అంది అమ్మ.

వసపిట్ట నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది.

"ఇప్పుడు ఉంటున్నామా అమ్మా? లేక ఇకమీద ఉంటామా?"

అమ్మ కళ్ళెర్రజేసింది. అంతలోనే చూపు తిప్పుకుంది. "నువ్వు బడికి, నేను పనికి. ఇంకెవరుంటారే? ఆ రోజు పొద్దున పడితే, మధ్యాహ్నం నేనొచ్చేదాకా అలా నేల మీదే ఉంది. నీకు చెప్పలేదు."

వసపిట్ట అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది.

"నో వన్ స్టేస్ విత్ హర్," అని వసపిట్ట డాక్టరమ్మకు చెప్పింది. దానికి ఇంకేమీ కలపలేదు.