సాన్ మార్కో పావురం

"ఇవాళ నీ గ్రూపులో ఇద్దరు టూరిస్టులు కారు," అన్నాడు కెప్టెన్ డోల్ఫిన్, ఎండుచేప ముద్ద పూసిన రొట్టెముక్క నోట్లో వేసుకుంటూ. "ఒకరిని బతికించాలి. ఇంకొకరిని పట్టుకోవాలి."

అల్వీసే బుసెత్తో చేతిలోని చిన్న గ్లాసు కింద పెట్టాడు. వెనిస్‌లో పొద్దున్నే వైన్ తాగేవాళ్ళు రెండు రకాలు. చేపల మార్కెట్టు వాళ్ళు, రోమ్ నుంచి ఆర్డర్లు వచ్చినవాళ్ళు. పైకి అతను లైసెన్సు ఉన్న టూరిస్టు గైడు. లోపల డోల్ఫిన్ కింద పనిచేసే గూఢచారి.

"బతికించాల్సింది ఎవరిని?"

"ప్రొఫెసర్ కొరాయ్. తూర్పు యూరప్ కమ్యూనిస్టుల దగ్గర్నుంచి పారిపోయి వచ్చాడు. ప్రస్తుతానికి పేరు హెర్ బ్రుగ్గర్, గడియారాలు అమ్మే స్విస్ మనిషి. బూడిద రంగు టోపీ పెట్టుకుంటాడు. మన దేశాల్లో దాక్కున్న వాళ్ళ ఏజెంట్లందరి పేర్లూ ఆయనకి కంఠతా వచ్చు. ఆ గొంతు నొక్కేయాలని వాళ్ళ ఆత్రం."

"విమానం ఎక్కించి పంపేయొచ్చుగా."

"ఎయిర్‌పోర్టులో వాళ్ళ కళ్ళున్నాయి, రైల్వే స్టేషన్లోనూ ఉన్నాయి. ఈ ఊళ్ళో ఎవరూ కన్నెత్తి చూడనిది ఒక్కటే, గొడుగు ఎత్తిన గైడు వెనకాల నడిచే మంద. టూర్ దారిలో ఫోందమెంతే నోవే రేవులో బేపో పడవ ఉంటుంది. 'పీతలు మెత్తబడ్డాయా?' అంటాడు. 'ఇంకో పున్నమి పోవాలి' అను. ప్రొఫెసర్ని ఎక్కించు, నీ పని అయిపోయింది."

"పట్టుకోవాల్సింది?"

డోల్ఫిన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పావురం."

ఆ కోడ్ పేరు అల్వీసే విన్నాడు. యూరప్‌లో జరిగిన నాలుగు హత్యల వెనక ఉన్న పేరు. ప్రతిసారీ టూరిస్టు వేషమే. చచ్చినవాడి మెడ మీద చిన్న సూది గాటు తప్ప ఇంకేమీ మిగలదు.

"కెమెరాలోంచి వస్తుంది సూది," అన్నాడు డోల్ఫిన్. "దగ్గర నుంచి కొట్టాలి, చర్మానికే కొట్టాలి. మందపాటి బట్ట తగిలితే ఆగిపోతుంది. ఆడో మగో కూడా తెలీదు. నీ గ్రూపులో చేరిందని మాత్రం ఖాయం. ఎవరో కనిపెట్టగానే నీ టోపీ తీసెయ్. మనవాళ్ళిద్దరు దూరంగా వెంట ఉంటారు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు."

అల్వీసే లేచాడు. డోల్ఫిన్ అతని మోచేయి పట్టుకున్నాడు.

"రేపు సాన్ మికేలేకి వెళ్తావుగా?"

రేపు నవంబరు రెండు, చనిపోయినవాళ్ళ రోజు. ఊరంతా పూలు పట్టుకుని ఆ శ్మశానం దీవికి పడవలెక్కుతుంది.

"వెళ్తాను."

"నివేస్‌కి నా తరఫున కూడా నాలుగు పూలు పెట్టు."

నివేస్ అల్వీసే భార్య. డోల్ఫిన్ దగ్గరే రేడియో ఆపరేటర్‌గా పనిచేసేది. ఆరేళ్ళ కిందట, 1977లో, డ్యూటీ మీద ఊరి చుట్టూ ఉన్న లగూన్ నీళ్ళలోకి వెళ్ళిన ఆమె పడవ పేలిపోయింది. విరిగిన తెడ్డు ఒకటి, ఎడమకాలి బూటు ఒకటి దొరికాయి. మనిషి దొరకలేదు. అల్వీసే పొడుగాటి గడ పట్టుకుని చలికాలమంతా ఆ బురద కెలికాడు. చివరికి ఎవరో గడ చేతిలోంచి లాక్కున్నారు. సమాధిలో ఉన్నది ఆ బూటు. ఇప్పటికీ పడవ ఎక్కితే అతను నీళ్ళకేసి చూడడు.

*

గ్రూపు పడవ దిగి సాన్ మార్కో రేవు మీద నిలబడింది. మబ్బు పట్టి, సన్నగా చలిగాలి వీస్తోంది. అల్వీసే ఎర్ర గొడుగు ఎత్తి ముఖాలన్నీ ఒకసారి చూసుకున్నాడు. అందరి మెడల్లోనూ కెమెరాలే.

టెక్సాస్ నుంచి వచ్చిన హాకెట్ అప్పుడే మొదలెట్టాడు. "గైడు గారూ, ఈ ఊరు మునిగిపోతోందట కదా. మేం భోంచేసే దాకా ఆగుతుందా?"

"మీరు బిల్లు కట్టేదాకా ఆగుతుంది సార్."

అందరూ నవ్వారు. బూడిద టోపీ ప్రొఫెసర్ కూడా నవ్వబోయి మానేశాడు. ఆయన పక్కనే డెన్మార్క్ నుంచి వచ్చిన మిసెస్ లుండ్ చేతికర్ర మీద ఆనుకుని నిలబడింది. తెల్లజుట్టు, లావుపాటి ఒళ్ళు, రంగు కళ్ళద్దాలు. భర్త పోయాక ఒంటరిగా దేశాలు తిరుగుతోందట. పొద్దుటి నుంచి ప్రొఫెసర్‌కి దగ్గుమాత్రలు ఇస్తోంది.

అల్వీసే అనుమానం హాకెట్ మీద ఉంది. అంత గట్టిగా నవ్వేవాడు ఏదో దాస్తున్నట్టే.

"రండి, రండి, చౌకులోకి," అంటూ కదిలాడు.

రేవు అంచున ఆకాశంలోకి లేచిన రెండు స్తంభాలు ఉన్నాయి. ఒకదాని మీద రెక్కల సింహం, రెండోదాని మీద సెయింట్ తొదారో విగ్రహం. చౌకులోకి దారి వాటి మధ్య నుంచే. మంద మొత్తం ఫోటోలు తీసుకుంటూ అలాగే నడిచింది. అల్వీసే మాత్రం అలవాటు ప్రకారం సింహం స్తంభం అవతలి పక్క నుంచి చుట్టి వచ్చాడు. వెనిస్‌లో పుట్టినవాడెవడూ ఆ రెండింటి మధ్య నడవడు. పాత రోజుల్లో ఉరితీతలు, తలలు నరకడాలు అక్కడే జరిగేవి. అక్కడ అడుగు పెట్టిన పిల్లల చెంప తల్లులు పగలగొడతారు. ఆ చెంపదెబ్బ ముసలితనం దాకా గుర్తుంటుంది.

అటు చేరి, లెక్క చూసుకోవడానికి వెనక్కి తిరిగాడు.

అందరూ మధ్యలోంచి వస్తున్నారు. ఒక్క మనిషి రావడం లేదు. మిసెస్ లుండ్, ప్రొఫెసర్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూనే, ఆయన పక్క వదిలి తొదారో స్తంభం బయటి నుంచి చుట్టి వచ్చి, మళ్ళీ ఆయనతో కలిసింది. మాట ఆగలేదు. తాను చుట్టు తిరిగానన్న సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు. కాళ్ళు వాటంతట అవి తిరిగాయి.

డెన్మార్క్ కాళ్ళు అలా తిరగవు.

పావురం దొరికింది. అల్వీసే చెయ్యి టోపీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగింది. పావురం ఈ ఊరి మనిషి. ఈ ఊరి మనిషైతే తనకి తెలిసిన మనిషై ఉండాలి. ఎవరు?

సాంతా మరియా ఫొర్మోజా వైపు వెళ్ళే దారిలో వంతెన వచ్చింది. టూరిస్టులు తలలు వంచి, మెట్లు చూసుకుంటూ దిగారు. చేతికర్ర పట్టుకున్న డెన్మార్క్ ముసలావిడ మెట్టుకేసి చూడకుండా, ముఖం పైకెత్తి దిగింది. దిగుతూ దిగుతూ రాతి పిట్టగోడ చివర రెండు వేళ్ళతో చిన్నగా తట్టింది, పెంపుడు కుక్క తల తట్టినట్టు.

ఏ వంతెన దిగినా అలా తట్టే మనిషి అల్వీసేకి జీవితంలో ఒక్కరే తెలుసు.

"గైడు గారూ, ఒంట్లో బాగోలేదా?" హాకెట్ అడిగాడు. "తెల్లగా పాలిపోయారేమిటి?"

"చలి," అన్నాడు అల్వీసే.

*

ఫొర్మోజా చౌకులో కాఫీకి ఆగారు. గ్రూపంతా హోటల్లోకి దూరింది. మిసెస్ లుండ్ మాత్రం పాత బావిగట్టు మీద కూర్చుని, అద్దం కిటికీ వెనక కూర్చున్న ప్రొఫెసర్ని చూస్తోంది. అల్వీసే వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"కాఫీ తాగరా మేడం?"

"డాక్టరు వద్దన్నారు," అంది ఆమె, డేనిష్ యాస ఎక్కడా తప్పకుండా.

"నీకెప్పుడూ కాఫీ పడేది కాదు నివేస్."

ఆమె కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మాట్లాడినప్పుడు అది వెనిస్‌లోని కాస్తెల్లో పేట గొంతు.

"ఎక్కడ దొరికాను?"

"స్తంభాల దగ్గర. చుట్టు తిరిగి వచ్చావు."

ఆమె పెదవి ఒక పక్కకి వంగింది. "మా అమ్మ చెయ్యి అంత బరువు మరి. ఏడు భాషలు నేర్పారు, నడక మార్చారు, పళ్ళు మార్చారు. అమ్మ కొట్టిన దెబ్బ మాత్రం ఎవరూ తీసెయ్యలేకపోయారు."

"ఆరేళ్ళు నివేస్."

"తెలుసు."

"గడ పట్టుకుని ఆ బురదంతా..."

"తెలుసు. నాకు ఫోటోలు చూపించారు. నలుపు కోటుకి కింద బొత్తాం లేదు. ఊడిపోయి ఉన్నా అలాగే వేసుకున్నావు."

చౌకులో పావురాలు వాళ్ళ కాళ్ళ దగ్గర తిరుగుతున్నాయి. ఒక నన్ వాటిని అదిలించుకుంటూ వెళ్ళింది.

"ఎప్పుడు కొన్నారు నిన్ను?"

"కొనడమేమిటి. నేను మొదట్నుంచీ వాళ్ళ మనిషినే. కెప్టెన్ ఆఫీసులో చేరాను, వాళ్ళు చెప్తేనే. నిన్ను చేసుకున్నాను, అదీ వాళ్ళు చెప్తేనే."

"అంటే పెళ్ళి కూడా డ్యూటీయే."

"మొదటి ఏడాది డ్యూటీ." ఆమె చేతికర్రతో నేల మీద గీత గీసింది. "తర్వాత కాదు. తర్వాత కష్టమైంది. పొద్దున్నే లేచి నీ ముఖం చూసి, సాయంత్రం నీ సంగతులు వాళ్ళకి పంపడం కష్టమైంది. ఆ సంగతి వాళ్ళకి చెప్పాను. సరే, చచ్చిపో అన్నారు. చచ్చిపోయాను."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేవాడివి? కెప్టెన్‌కి చెప్పేవాడివి."

"చెప్పేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు. నాతో పాటు నువ్వూ పాడైపోయేవాడివి."

హోటల్లో హాకెట్ ఏదో జోకు వేశాడు. నవ్వులు బయటికి వినిపించాయి. అల్వీసే టోపీ అంచు పట్టుకుని వదిలాడు. తీస్తే ఒక్క నిమిషంలో ఇద్దరు మనుషులు ఆ మూల నుంచి వస్తారు. తీయకపోతే కిటికీ వెనక దగ్గుతూ కాఫీ ఊదుకుంటున్న ముసలాయన చచ్చిపోతాడు. ఆయన కూడా ఎవరినో వెనక వదిలేసి వచ్చి ఉంటాడు.

"నివేస్, ఇలాగే లేచి వెళ్ళిపో. ఆ సందులో కుడి పక్కకి తిరిగితే ఎవరికీ కనపడవు. నేను నిన్ను చూడలేదు."

"ఊరికే వెళ్తే వాళ్ళు ఊరుకోరు."

"దాచిపెడతాను."

"ఈ ఊళ్ళోనా? ఇక్కడ ఎవరింట్లో చేప మాడినా ఊరంతా తెలుస్తుంది." ఆమె లేచి, కర్ర మీద ముసలిదానిలా వంగింది. "పోనీ నువ్వు ఆయన్ని వదిలెయ్. ఇదే నా ఆఖరి పని. ఇది అయ్యాక నన్ను వదిలేస్తామన్నారు. నాతో వచ్చెయ్ అల్వీసే. ఎక్కడికైనా. నీళ్ళు లేని ఊరికి."

ఆరేళ్ళుగా కలలో విన్న మాట అది. కలలో ప్రతిసారీ వస్తానన్నాడు.

"ఆయన్ని ముట్టుకోకు," అన్నాడు.

"ఆలోచిస్తాను," అంది నివేస్, మళ్ళీ డేనిష్ యాసలో.

అల్వీసే టోపీ తీయలేదు. ఏజెంట్‌గా అతను చేసిన తప్పు అదొక్కటే. భర్తగా ఇంకోలా చెయ్యలేకపోయాడు. రేవుకి వెళ్ళే దారంతా, ఏదో ఒక సందులో ఆమె తప్పుకుంటుందని చెవులు రిక్కించి నడిచాడు. ప్రతి మలుపులోనూ వెనక కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది.

*

ఫోందమెంతే నోవే మూల మీద మిఠాయి కొట్టు ఉంది. చనిపోయినవాళ్ళ రోజుకని చేసే రంగురంగుల బాదం ఉండలు అద్దాల వెనక గుట్టలు పోసి ఉన్నాయి.

"ఇవి తినకుండా వెళ్తే మా ఊరి ఆత్మలు మీ హోటల్‌కి వస్తాయి," అన్నాడు అల్వీసే. గ్రూపంతా నవ్వుతూ లోపలికి తోసుకుంది. అతను ప్రొఫెసర్ చెయ్యి పట్టుకుని రేవు మెట్ల వైపు నడిపించాడు.

పడవలో బేపో తాడు విప్పుతున్నాడు. "అన్నా, పీతలు మెత్తబడ్డాయా?"

"ఇంకో పున్నమి పోవాలి."

"అయితే త్వరగా రండి, పోటు నీరు దిగిపోతోంది."

ప్రొఫెసర్ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"హెర్ బ్రుగ్గర్," వెనక నుంచి పిలుపు. "చెప్పకుండానే వెళ్ళిపోతున్నారా? ఒక్క ఫోటో."

మర్యాదస్తుడు. ముసలాయన టోపీ సర్దుకుని తిరిగాడు. మెడకి చుట్టుకున్న మఫ్లర్ కూడా కిందికి లాక్కున్నాడు, ఫోటోలో ముఖం బాగా పడాలని. చేతి దూరంలో మిసెస్ లుండ్ కెమెరా కంటి దగ్గరికి ఎత్తింది.

అల్వీసే మధ్యలోకి వచ్చాడు.

"జరుగు," అంది నివేస్ మెల్లగా.

"జరగను."

"అల్వీసే, జరుగు."

అతను గొడుగు ముందుకి చాచి బొత్తాం నొక్కాడు. ఎర్ర బట్ట సగం విచ్చుకుంది. కెమెరా క్లిక్‌మంది.

చాలా చిన్న చప్పుడు. బట్ట మడతల్లో ఏదో టప్‌మని ఆగింది. అల్వీసే గొడుగు దించి చూశాడు. తన గొంతుకి సరిగ్గా ఎదురుగా, రెండు మడతలు దాటి, మూడో మడతలో సూది ఇరుక్కుని ఉంది.

ఆమె కెమెరా దించింది. పరుగెత్తలేదు.

అల్వీసే టోపీ తీశాడు, అంత్యక్రియల్లో తీసినట్టు. ఇద్దరు మనుషులు వచ్చి ఆమెకి చెరో పక్కన నిలబడ్డారు. బేపో ముసలాయన్ని పడవలోకి లాక్కున్నాడు, ఇంజను గర్జించింది. పడవ ఆయనతో సహా నీళ్ళ మీది పొగమంచులోకి వెళ్ళిపోయింది.

"కోటు బొత్తాలు పెట్టుకో," అంది నివేస్, వాళ్ళతో నడవబోతూ. "ఈ గాలి మంచిది కాదు."

సందు చీకట్లోంచి డోల్ఫిన్ వచ్చాడు. గొడుగు తీసుకుని, సూది ఉన్న చోటుకి వేలు పెట్టి, దాన్ని అల్వీసే గొంతు దాకా జరిపి చూశాడు.

"నిన్నే కొట్టింది బాబూ."

"ప్రొఫెసర్ కూడా నా అంత పొడుగే కెప్టెన్."

డోల్ఫిన్ అతని ముఖంకేసి చూసి, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మిఠాయి కొట్టు తలుపు తెరుచుకుంది. గ్రూపు పొట్లాలతో బయటికి వచ్చింది. హాకెట్ నోటినిండా బాదం ఉండలు కుక్కుకుని అందరినీ లెక్కపెట్టాడు.

"మన గడియారాలాయన ఏడీ?"

"కడుపులో బాగోలేదట. వెళ్ళిపోయారు."

"మరి డెన్మార్క్ మేడం? ఇంకా చర్చి చూడాలిగా, ఆవిడ రారా?"

అల్వీసే కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"రారు సార్," అన్నాడు. "ఈ ఊరు ఆవిడ ఇదివరకే చూసేశారు."