మల్లిక పెట్టిన ఒట్టు

మధ్యాహ్నం బడి వరండాలో పిల్లలంతా అన్నం తింటున్నారు. రెండో తరగతి గిరి మాత్రం గుడ్డును కంచం అంచుకు నెట్టేసి కూర్చున్నాడు.

"గిరిగాడు గుడ్డు వద్దంటున్నడు! ఇయ్యాల పొద్దు పడమట పొడిచిందా?" పక్క పిల్లలు నవ్వారు.

ఆరో తరగతి చదివే అక్క మల్లిక నవ్వలేదు. దగ్గరికెళ్లి మెల్లగా అడిగింది.

"ఇంకా నొస్తుందారా?"

గిరి తలూపాడు.

ఆదివారం ఇద్దరూ గుట్టెక్కి, మంట పెట్టి సీతాఫలం కాయలు కాల్చుకు తిన్నారు. గుట్ట మీద నిప్పు రాజేయొద్దని గొర్రెలు కాసే బాపు ఎన్నోసార్లు చెప్పాడు. గడ్డి అంటుకుంటే గొర్రెలకు మేత ఉండదు.

మర్నాడే గిరికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. కాయల వల్లే అనుకుంది మల్లిక. తమ్ముడి చేతిని తన నెత్తిన పెట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకు. చెప్తే నా మీద ఒట్టే!"

గిరి నోరు విప్పలేదు. బడి దారిలో వాంతి చేసుకుంటే మల్లికే మట్టి కప్పింది. ఇవాళ్టికి మూడో రోజు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గిరి కుడివైపు పొట్ట పట్టుకుని, వంగి నడుస్తున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. అవ్వ గుర్వమ్మ దిష్టి తీసింది. దేవుడికి మొక్కింది. మొక్కి ఊరుకోలేదు.

"దేవుడు సూస్తడు గనీ, డాక్టరు గూడ సూడాలె గద! జల్ది ఆటోను పిలువు కొడుకా" అంది బాపుతో.

కొల్లాపూర్ దవాఖానలో డాక్టరమ్మ గిరి పొట్ట నొక్కి చూసింది. వాడు కెవ్వుమన్నాడు.

"ఎప్పటి సంది నొస్తుంది బిడ్డా?"

గిరి అక్క వైపు చూసి పెదవులు బిగించాడు.

"చెప్పు కొడుకా" బతిమాలాడు బాపు.

"చెప్పను. చెప్తే అక్క సచ్చిపోతది."

మల్లిక గబుక్కున తమ్ముడి దగ్గరికొచ్చింది. మూడు రోజులుగా వీడు ఓర్చుకుంది తిట్లకు భయపడి కాదా?

"నేను సావనురా! ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన!" అంటూ ఏడ్చేసింది. మంట, కాయలు, వాంతి, అన్నీ చెప్పేసింది.

"కాయలతోని కాదమ్మా ఇది" అంది డాక్టరమ్మ. "పేగుకు చిన్న తోకలాంటిది ఉంటది. అది వాచింది. కడుపునొప్పికి శాన కారణాలుంటయి. నులిపురుగులు కావచ్చు, నీళ్లు పడకపోవచ్చు. కానీ నొప్పి తగ్గకుండ పెరిగినా, కుడిపక్క కిందికి దిగినా, వాంతులు, జరం వచ్చినా ఆగొద్దు. నిన్ననే తెస్తే అల్కగ అయిపోతుండె. ఇప్పుడు చీము పట్టినట్టుంది. పెద్ద దవాఖానకు పంపుతున్న, ఆపరేషన్ చెయ్యాలె."

గిరి బతికాడు. కానీ పన్నెండు రోజులు దవాఖానలోనే ఉన్నాడు. పొట్టలోంచి గొట్టం వేలాడుతుంటే పక్కకు తిరిగి పడుకోలేకపోయాడు. బతుకమ్మ, దసరా అక్కడే గడిచిపోయాయి.

బాపు మల్లికను ఒక్క మాట అనలేదు. ఆమెను అదే ఎక్కువ నొప్పించింది.

"గొర్రె నెమరెయ్యకుంటే ఆ పూటే కనిపెడత. కొడుకు అన్నం తింటలేడని కనిపెట్టకపోతిని" అని అవ్వతో అంటూ కళ్లు తుడుచుకున్నాడు. మల్లిక తలుపు చాటున అది విన్నది.

సెలవులయ్యాక బడి తెరిచారు. లెక్కల పీరియడ్ అయిపోగానే, పక్కన కూర్చునే అనూహ్య మల్లిక చెవిలో గుసగుసలాడింది.

"నాలుగు రోజులాయె, కడుపుల నొస్తుందే. చెప్తే ఆటల పోటీలకు తోలుకపోరు. ఎవ్వలకు చెప్పనని మాటియ్యి."

చెయ్యి చాచింది. మల్లిక ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని లేచింది.

"నడువ్, టీచర్ దగ్గరికి."

"ఏయ్, ఇడువు! నువ్వసలు దోస్తువే కాదు!"

"కాకుంటే మానె" అంది మల్లిక. పట్టు మాత్రం సడలలేదు.