ఆరో వేలు

"సామ్రాజ్యం! తలుపు తియ్యవే! నీ కాళ్ళు పట్టుకుంటాను, తియ్యవే తల్లీ...!"

మల్లేశ్వరి రెండు చేతులతో తలుపు బాదుతోంది. ఎడమ చేతి చిటికెన వేలి పక్కన పుట్టుకతో వచ్చిన ఆరో వేలు గొళ్ళేనికి తగిలి చీరుకుపోయింది. రక్తం కారుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు! పత్తి చేలో కొట్టడానికి తెచ్చిన ఎండ్రిన్ పురుగుమందు డబ్బా ఆ గదిలోనే ఉంది. ఆమెకు తెలిసింది అదొక్కటే...

నట్టింట్లో తాంబూలాల పళ్ళెం పరిచిన చాప మీదే ఉండిపోయింది. మగపెళ్ళివారు వాటిని ముట్టుకోకుండానే లేచి వెళ్ళిపోయారు! వరుడి తండ్రి రోశయ్య మార్టూరు మనిషి. పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. కొడుకూ జవానే. నిన్నగాక మొన్న చైనా సరిహద్దు నుంచి సెలవు మీద వచ్చాడు.

"నా కొడుకు మంచులో నిలబడి వచ్చాడమ్మా. పటాలం నుంచి పారిపోయినవాడి మనవరాల్ని చేసుకుని, రేపు తోటివాళ్ళకు మొహం ఎలా చూపిస్తాడు?"

ఆ ఒక్క మాట అని చెప్పులు తొడుక్కున్నాడు రోశయ్య. మల్లేశ్వరి భర్త చలమయ్య ఆయన్ని బతిమాలుకోవడానికి బస్సు ఆగే చోటికి పరుగెత్తాడు. ఆ సందులోనే సామ్రాజ్యం గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది!

పారిపోయినోడి కూతురు... ఆ మాట వింటూనే పెరిగింది మల్లేశ్వరి. ఆమె తల్లి కడుపులో ఉండగా, మొదటి జర్మనీ యుద్ధం నాడు, తండ్రి సముద్రం అవతల బస్రాలో పోరాడటానికని పటాలంతో బయల్దేరాడు. మళ్ళీ రాలేదు. బొంబాయి రేవులో ఓడ ఎక్కకుండా పారిపోయాడన్నారు. కల్లంలో మిరపకాయలు ఏరడానికి పోతే కూలివాళ్ళు మూతులు తిప్పేవారు. కళ్ళు తుడుచుకుంటే, మిరప ఘాటు అని తనే చెప్పుకునేది. ఇప్పుడు ఆ మాట తన బిడ్డ మెడకు కూడా చుట్టుకుందా? భగవంతుడా...!

ఆమె వెనక్కి తిరిగింది. అరుగు మీద తల్లి వెంకటేశ్వరమ్మ రాతిబొమ్మలా కూర్చుంది. ఆమె నుదుట ఇవాళ్టికీ రూపాయంత కుంకుమ. భర్త పోయాడని ఎవరూ చెప్పలేదు కనుక ఆ బొట్టు చెరపలేదు. పక్కనే ఆమె అన్న పానకాలయ్య. ఊరంతా మిలిటరీ పానకాలయ్య గారని పిలిచే మనిషి! బావతో కలిసి పటాలంలో చేరి, బస్రాలో యుద్ధం చేసి తిరిగొచ్చినవాడు.

"మామయ్యా! నువ్వు చెపితే రోశయ్యగారు వింటారు. నువ్వూ సిపాయివేగా! ఒక్కసారి చెప్పు మామయ్యా!"

పానకాలయ్య కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "ఏం చెప్పమంటావే పిచ్చిదానా? ఉన్నమాట లేదని ఎట్టా అనేది? నా కళ్ళముందే పారిపోయాడు మీ నాన్న. నేను వెనక్కి పిలుస్తూనే ఉన్నా..."

గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది!

మల్లేశ్వరి కూతుర్ని రెండు చేతులా వాటేసుకుంది. సామ్రాజ్యం కళ్ళల్లో తడి లేదు. జుట్టు నిండా బూజు.

"ఎందుకమ్మా ఆ ఏడుపు? చావడానికనుకున్నావా తలుపేసుకుంది? తాతను వెతకడానికి! అమ్మమ్మ ఆ రేకుపెట్టె ఎవర్నీ ముట్టుకోనివ్వదుగా. తాళం పగలగొట్టాను."

వెంకటేశ్వరమ్మ దిగ్గున లేచింది. "ఒసే! అది ముట్టుకోవద్దే...!"

పట్టుపేలికలో చుట్టిన ఒక ముక్క ఉంది సామ్రాజ్యం చేతిలో. ఫోటో నుంచి నిలువుగా కత్తిరించిన సన్నటి ముక్క. అందులో మొహం లేదు. మనిషి లేడు. కుర్చీ చేతి మీద ఆనించిన ఒక ఎడమ చెయ్యి మాత్రం ఉంది.

ఆ చేతికి ఆరు వేళ్ళు!

మల్లేశ్వరి నెత్తురోడుతున్న తన చేతిని చూసుకుంది. ఫోటోలో చేతిని చూసింది. నాన్నా...! తండ్రి మొహం ఎలా ఉంటుందో ఎరుగని తను, నలభై దాటాక ఆయన చేతిని చూస్తోందా?

"ఇట్టా ఇవ్వు దాన్ని," అన్నాడు పానకాలయ్య గొంతు మార్చి. "పాత చెత్త! పొయ్యిలో పారేసేది!"

"చెత్తేనా తాతయ్యా? అయితే దీనికి జోడు చెత్త మీ ఇంట్లో ఉంది. తెస్తానుండు!"

ప్రహరీకి అవతలే పానకాలయ్య ఇల్లు. సామ్రాజ్యం ఆ గోడ దూకింది. ముసలాయన లేచి అందుకోబోయాడు కానీ కాళ్ళు సహకరించలేదు. ఆ ఇంటి వసారాలో ఎప్పటినుంచో వేలాడుతున్న పటం అది. ఖర్జూరపు చెట్ల ముందు తలపాగా చుట్టి కుర్చీలో కూర్చున్న సిపాయి. ఎడమ చెయ్యి ఉండాల్సిన పక్క బొమ్మ నిలువుగా తెగి ఉంటుంది. కింద 'పానకాలు, బస్రా' అనే అక్షరాలు. అది తానేనని వచ్చినవారికల్లా చూపించి మురిసిపోయేవాడు పానకాలయ్య.

సామ్రాజ్యం పటంతో వచ్చేసరికి చలమయ్య రోశయ్యను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్ళు ముట్టకుండా పోతే ఎట్టా బావగారూ? అసలు ఈ మాట మీకు ఎవరు చెప్పారో అది చెప్పి వెళ్ళండి!" అంటున్నాడు చలమయ్య.

"పేరు చెప్పనని మాటిచ్చానయ్యా," అన్నాడు రోశయ్య ఇబ్బందిగా. "మీ మామగారి సంగతి కనుక్కోవడానికి మా పటాలం ఆఫీసుకు రాస్తానని పెళ్ళిచూపులనాడే చెప్పానుగా. జవాబొచ్చింది. ఈ ఊరి నుంచి పానకాలు అనేవాళ్ళు ఇద్దరు వెళ్ళారట. ఒకడు బొంబాయిలో పారిపోయాడు. ఒకడు బస్రాలో జ్వరమొచ్చి పోయాడు. ఎవరు ఎవరో తేలక తల పట్టుకుంటే, ఒక పెద్దమనిషి నిన్న మా ఇంటికొచ్చి విడమరిచి చెప్పాడు. మీ మొహం మీదే చెప్పి పోవడం మర్యాదని ఇవాళ వచ్చాను."

"పోయాడని రాసింది నన్నేనయ్యా!" పానకాలయ్య గబగబా అందుకున్నాడు. "ఆస్పత్రిలో స్పృహ తప్పి పడుంటే లెక్క తప్పు రాసుకున్నారు. బతికి బయటపడ్డాను!"

ఒకే పేరు! తాత పేరే కొడుకు కొడుక్కీ, కూతురి కొడుక్కీ పెట్టుకున్నారు. పోలికలూ ఒకటే. పెద్ద పానకాలు, చిన్న పానకాలు అని పిలిచేది ఊరు. మేనత్త కొడుకైన చిన్న పానకాలునే కట్టుకుంది వెంకటేశ్వరమ్మ. కట్టుకున్నవాడి పేరు నోటితో అనకూడదు కనుక, ఆనాటి నుంచి అన్నను కూడా పేరుతో పలకలేదు!

ఠంగుమని అద్దం పగిలింది. సామ్రాజ్యం పటాన్ని అరుగు అంచుకు కొట్టింది. బొమ్మను బయటికి లాగి, కత్తిరించిన అంచుకు తన చేతిలోని ముక్కను ఆనించింది. చొక్కా చెయ్యి అతుక్కుంది. చొక్కా మీది మడత మడతతో కలిసింది. కుర్చీలో కూర్చున్న సిపాయికి ఆరు వేళ్ళ చెయ్యి వచ్చేసింది!

"తాతయ్యా! ఇది నువ్వేగా? ఏదీ నీ ఎడమ చెయ్యి? ఆరో వేలు ఎక్కడ పారేసుకున్నావు?"

పానకాలయ్య చేతిని కండువాలో దాచుకున్నాడు. చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవేందే! నిన్నూ నీ బిడ్డనూ కడుపులో పెట్టుకుని సాకింది ఎవరు? చెప్పు వీళ్ళకి!"

"అమ్మా!" మల్లేశ్వరి తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. "నీకు తెలుసా అమ్మా? తెలిసే... తెలిసే నన్ను ఇన్నేళ్ళూ పారిపోయినోడి కూతురనిపించావా? కన్నతల్లివేనా నువ్వు...!"

వెంకటేశ్వరమ్మ కూతురి తల మీద చెయ్యి వేసింది.

"పారిపోయాడంటే... బతికున్నట్టేగా తల్లీ! ఎక్కడో ఒక చోట... ఏ పంచనో ఇంత ముద్ద తింటూ ఉన్నట్టేగా! ఊరు నిన్ను తిట్టినప్పుడల్లా నా గుండె చెరువయ్యేది. కానీ ఆ తిట్టులో ఆయన బతికే ఉన్నాడమ్మా! అది అబద్ధమని నేను నోరు తెరిస్తే, ఆ మరుక్షణమే మీ నాన్న చచ్చిపోతాడు. అందుకే నోరు కుట్టుకున్నాను. ఆయన బస్రా నుంచి పంపిన ఫోటోను అన్న తీసుకుపోయి, కత్తిరించి పారేసిన ఆ చేతిని పెంటకుప్పలోంచి ఏరుకుని దాచుకున్నాను..."

ఆమె రోశయ్య వైపు తిరిగింది. "అయ్యా! బస్రాలో పోయినవాడు పోయినట్టే రాశారా? రూఢిగానేనా?"

"రూఢిగానే అమ్మా," అన్నాడు రోశయ్య మెల్లగా. "దహనం చేసిన చోటు కూడా రాశారు."

వెంకటేశ్వరమ్మ కొంగు తీసి, ఎవరి చెయ్యీ పడకుండా, తన బొట్టు తనే తుడిచేసుకుంది. మల్లేశ్వరి అమ్మా అని కేక పెట్టింది!

"అప్పట్లో పటాలం జమేదారు వచ్చాడయ్యా," అంది వెంకటేశ్వరమ్మ. "పారిపోయిన పానకాలు ఎవరు? నీ భర్త పేరేంటి? అని అడిగాడు. ఎట్టా చెప్పను? కొత్త కోడల్ని. అన్న నా చెయ్యి పట్టుకుని ఈ పచ్చబొట్టు చూపించాడు. తన పేరు చెప్పలేదు. ఈ పిల్ల అన్నను అన్నాడంతే. జమేదారు నా చేతి మీది అక్షరాలు చూసి, పారిపోయినవాడు నా మొగుడేనని రాసుకుపోయాడు."

ముంజేతి మీద ఆకుపచ్చగా వెలిసిపోయిన అక్షరాలు. ఆమె మొగుడి పేరు. ఆమె అన్న పేరు కూడా!

"అయితే పారిపోయిందెవరమ్మా?" రోశయ్య చేతులు జోడించాడు. "ఇంతమందిలో నీ నోటితో ఒక్కసారి చెప్పు."

పానకాలయ్య మొహంలో ధీమా మెరిసింది. చెప్పదు! చెప్పలేదు! ఆ పేరు ఆ నోట పలకదు!

వెంకటేశ్వరమ్మ మనవరాలి చేతిలోని బొమ్మను కళ్ళకద్దుకుంది. "తప్పు కాయవయ్యా," అంది ఆ సిపాయితో. తల ఎత్తింది. అన్న కళ్ళల్లోకి చూసింది.

"పానకాలు!"

గుమ్మంలో చేరిన అమ్మలక్కలు నోళ్ళు నొక్కుకున్నారు.

"నా మొగుడు కాదు! ఓడ ఎక్కకుండా పారిపోయింది ఇదిగో, ఈ పానకాలు! నిన్న పర్చూరు పోతున్నానని చెప్పి మార్టూరు వెళ్ళి, నా మనవరాలి గొంతు కోసి వచ్చింది ఈ పానకాలు! వినండయ్యా... మా అన్న! పానకాలు...!"